కంపైలర్ డిజైన్‌లో టైప్ చెకింగ్: కుడి పక్క నుంచి మొదలుపెట్టండి

గేట్ పరీక్షలో సీఎస్ (కంప్యూటర్ సైన్స్) పేపర్‌కి ప్రిపేరయ్యే వాళ్లలో చాలామందికి కంపైలర్ డిజైన్ అంటే పార్సింగే, అంటే ప్రోగ్రామ్ వాక్యాల నిర్మాణం సరిచూడడమే. దానికి వాడే ఎల్ఆర్ టేబుళ్లు నింపుతూ కూర్చుంటారు. సిలబస్‌లో సింటాక్స్ డైరెక్టెడ్ ట్రాన్స్‌లేషన్ (గ్రామర్ రూల్స్‌కి చేయాల్సిన పనులు తగిలించడం) అని ఉంటుంది కదా, టైప్ చెకింగ్‌కి, అంటే విలువల రకాలు పొసగుతాయో లేదో చూడడానికి, పునాది అక్కడే ఉంది.

నేను చదివింది చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో. చుట్టూ గ్రూప్స్ వాళ్లు పాలిటీ వల్లెవేస్తుంటే నేను పెన్సిల్‌తో ఎక్స్‌ప్రెషన్ ట్రీలు (లెక్కను కొమ్మలుగా విడదీసి చూపే చెట్లు) గీస్తూ ఉండేదాన్ని. ల్యాప్‌టాప్ తీసుకెళ్లకపోవడమే నయమైంది, కంపైలర్ పని చేత్తో చేయాల్సొచ్చింది.

అసైన్‌మెంట్ (వేరియబుల్‌లో విలువ వేసే వాక్యం) చూడగానే మన కన్ను ఎడమ పక్కన ఉన్న వేరియబుల్ మీదే పడుతుంది. సీ, జావా కంపైలర్లు లెక్కలు వేసేది కుడి పక్కన. ఎక్స్‌ప్రెషన్ ట్రీలో లీఫ్‌లలో (చివరి కొసల్లో) ఉన్న వేరియబుల్స్ టైపు సింబల్ టేబుల్ (పేర్లు, వాటి టైపులు ఉండే పట్టిక) నుంచి తెచ్చుకుని, కింద నుంచి పైకి ఒక్కో నోడ్ టైపు తేల్చుకుంటూ వస్తాయి. రూట్ (అన్నిటికంటే పై నోడ్) టైపు తేలాకే దాన్ని ఎడమ పక్కతో పోలుస్తాయి. సీలో ఏ, బి రెండూ ఇంట్‌లు (పూర్ణాంకాలు), విలువలు 7, 2 అనుకోండి. ఏ / బి ని ఫ్లోట్ (దశాంశ సంఖ్య) వేరియబుల్‌లో వేస్తే 3.0 వస్తుంది, 3.5 కాదు. భాగించేటప్పుడు ఆ ఫ్లోట్ ఊసే లేదు మరి. జావాలో లాంగ్ (64 బిట్ల పూర్ణాంకం) వేరియబుల్‌లోకి 1000000 * 1000000 వేయండి. ఎర్రర్ రాదు, -727379968 వస్తుంది! గుణకారం 32 బిట్ల ఇంట్‌లోనే అయిపోయింది, లాంగ్‌గా మారింది ఆ తర్వాత.

పోల్చాక పొసగకపోతే ఏం చేయాలన్నది భాష చెప్పాలి. ఇంట్‌లోకి 3.7 వేస్తే సీ మారు మాట్లాడకుండా 3 చేసేస్తుంది, జావా ఒప్పుకోదు. జావా బైట్‌లో (8 బిట్ల పూర్ణాంకం) 10 పడుతుంది, 200 పట్టదు, ఎందుకంటే హద్దు 127. బి అనే బైట్‌కి బి = బి + 1 రాస్తే ఎర్రర్ (బి + 1 టైపు ఇంట్ అయిపోతుంది), బి += 1 రాస్తే కంపైల్ అవుతుంది, అందులో క్యాస్ట్ (టైపు మార్పు) దాగి ఉంది. నాకు ఇష్టమైన ప్రశ్న ఇదే. సీలో పాయింటర్‌కి (మెమరీ అడ్రస్ దాచుకునే వేరియబుల్) నేరుగా 5 ఇస్తే జీసీసీ కంపైలర్ ఏళ్ల తరబడి వార్నింగ్‌తో సరిపెట్టింది, 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి ఎర్రర్ చేసింది.

తప్పును కంపైలర్‌లో ఏ ఫేజ్ (దశ) పట్టుకుంటుందని అడిగితే: సెమికోలన్ మర్చిపోతే పార్సర్, టైపు కలవకపోయినా డిక్లేర్ చేయని పేరు వాడినా సెమాంటిక్ అనాలిసిస్ (అర్థం సరిచూసే దశ). తప్పు దొరికిన నోడ్‌కి ఎర్రర్ టైపు అని ముద్ర వేసేస్తే, పైనున్న నోడ్‌లు ఆ ముద్ర చూసి ఊరుకుంటాయి. లేకుంటే ఒక్క తప్పుకి పది మెసేజ్‌లు వచ్చిపడతాయి.

2021 నుంచి గేట్‌లో ఎంఎస్‌క్యూలు (ఒకటి కంటే ఎక్కువ సరైన ఆప్షన్లు ఉండగల ప్రశ్నలు) వచ్చాయి. నెగెటివ్ మార్కులు లేవు, కానీ ఒక్క ఆప్షన్ తప్పినా సున్నాయే. అందుకని ప్రతి ఆప్షన్‌కీ విడిగా చెట్టు గీయండి, చిన్నదైనా సరే.