దుబాయ్ పోతే దేరా అంగడి చూడండి

దుబాయ్ పోయిన మన పాలమూరు, నల్గొండ వాళ్లు మాల్‌లు మాత్రమే చూసి తిరిగొస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. అసలైన అంగడి దుబాయ్ పాత పేట దేరాలో ఉంది. బర్ దుబాయ్ రేవులో అబ్రా పడవ ఎక్కితే ఒక్క దిర్హామ్‌కే క్రీక్ (సముద్రపు పాయ) దాటి దేరా చేరొచ్చు, చిల్లర దగ్గరుంచుకోండి. దిగి రోడ్డు దాటితే మసాలా సూక్ (సూక్ అంటే అంగడి), వాసనే దారి చూపిస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మాత్రం పోవద్దు.

కుంకుమపువ్వు కొనేముందు రెండు పోగులు గోరువెచ్చని నీళ్లలో వేయమనండి. మంచిదైతే బంగారు రంగు నెమ్మదిగా దిగుతుంది, పోగు ఎర్రగానే ఉంటుంది. వేయగానే నీళ్లు ఎర్రబడి పోగు తెల్లబడితే రంగు పూసిన సరుకు. లుబాన్ ధూపంలో లేత ఆకుపచ్చ ముక్కలు మేలురకం. ఎండు నిమ్మకాయ (లూమీ) తేలిగ్గా, గలగలమనేది తీసుకోండి, పప్పుచారులో ఒక్కటి చాలు.

చాలామంది మోసపోయేది తూకం దగ్గర. చెప్పిన ధర కిలోకా, 100 గ్రాములకా అని ముందే అడగాలి. "50 గ్రాములే" అనకపోతే సంచి నింపేస్తారు. బేరం ఆడటం అక్కడ తప్పు కాదు, మన అంగట్లో లాగే నవ్వుతూ ఆడాలి.

బంగారం సూక్‌లో గ్రాము రేటు ఆ వేళకు అందరికీ ఒకటే, తగ్గించాల్సింది మజూరీ. విత్తనాలు, మొక్కలు కొనకండి, అనుమతి పత్రాలు లేకుంటే శంషాబాద్‌లో ఆపేస్తారు.