సోరియాసిస్ ఉన్నవాళ్లు కీళ్ల నొప్పులని వదిలేయకండి

మా అక్కకి సోరియాసిస్ వల్ల మోచేతుల మీద, తలలో పొలుసులు చాలా ఏళ్ల నుంచీ ఉన్నాయి, ఆయింట్‌మెంట్ రాసుకునేది అంతే. తర్వాత మడమ నొప్పి, పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోకపోవడం మొదలైతే ఒకరు వయసన్నారు, ఒకరు వాతమన్నారు, రుమటాయిడ్ కీళ్లవాతం కోసం చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చేసరికి ఇంకేం లేదనుకున్నారు అందరూ. కానీ సోరియాటిక్ ఆర్థరైటిస్‌లో, అంటే సోరియాసిస్‌తో పాటు వచ్చే కీళ్ల జబ్బులో, ఆ టెస్ట్ ఎక్కువమందికి నెగెటివే వస్తుందండీ!

రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) ముందు చూసింది గోళ్లు. గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. ఒక కాలివేలు మొదలు నుంచి చివరిదాకా మొత్తం ఉబ్బి ఉంది, అది కూడా ఈ జబ్బు గుర్తే. ఆలస్యం చేస్తే కీలు అరిగి వంకర పోతుంది, మళ్లీ మామూలుగా అవ్వదు, అందుకే ఇంతలా చెప్తున్నా.

మందు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఇది వారానికి ఒక్కసారే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది, కాబట్టి వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన రోజున, మధ్యమధ్యలో లివర్, బ్లడ్ టెస్టులు, మద్యం అలవాటుంటే మానేయాలి, పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ముందే చెప్పాలి. దీనికి తగ్గకపోతే బయోలాజిక్ ఇంజెక్షన్లున్నాయి (ఒంట్లో రోగనిరోధక శక్తి వల్ల వచ్చే వాపుని అణిచేవి), అవి మొదలుపెట్టే ముందు టీబీ టెస్ట్ తప్పనిసరి, మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి మరీను.

ఇంకోటి, నొప్పికి స్టెరాయిడ్ బిళ్లలు సొంతంగా వాడి టక్కున ఆపేస్తే చర్మం మీద సోరియాసిస్ ఒక్కసారిగా విజృంభించే ప్రమాదం ఉంది.