టిక్కుకు 50 మిల్లీసెకన్లు

మా గుంపు ఆడుకునే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ సర్వర్ నేనే నడుపుతుంటాను. కొత్తగా సర్వర్ పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ర్యామ్ ఎంత కావాలి? ముందు ప్రాసెసర్ సంగతి చూడండి అంటాను నేను.

ఆటలోని లోకాన్ని సర్వర్ ఒక్క అడుగు ముందుకు జరపడాన్ని టిక్కు అంటారు. ఈ ఆట సెకనుకు 20 టిక్కుల చొప్పున నడుస్తుంది. అంటే ఒక్కో టిక్కుకు ఉన్న గడువు 50 మిల్లీసెకన్లు. ఆలోపే ఆవులు కదలాలి, పంటలు పెరగాలి, ఆటలో కరెంటు తీగల్లా వాడే రెడ్‌స్టోన్ సర్క్యూట్ల లెక్క తేలాలి. ఇందులో చాలా పని ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకే కోర్ మీద ఒకదాని తర్వాత ఒకటిగా సాగుతుంది కాబట్టి, నిదానంగా నడిచే 16 కోర్ల కన్నా చురుకైన 4 కోర్లు నయం. గడువు దాటుతుంటే ఆడేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. రాయి పగలగొడితే పోయినట్టే పోయి మళ్లీ అక్కడే కనబడుతుంది.

ఈమధ్య ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, సర్వర్ ఈడుస్తోంది." మాది పేపర్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్. కన్సోల్‌లో టిక్కుకు ఎంత సమయం పడుతోందో చూపే ఎంఎస్‌పీటీ కమాండ్ కొడితే టిక్కుకు సగటున 60 మిల్లీసెకన్ల పైనే పడుతోంది. ర్యామ్ చూస్తే సగం ఖాళీ. ఏ పనికి ఎంత సమయం పోతోందో చూపే స్పార్క్ ప్రొఫైలర్ కాసేపు నడిపాక అసలు విషయం బయటపడింది: టిక్కులో పెద్ద వాటా విలేజర్లకే, అంటే ఆటలో కంప్యూటర్ నడిపే ఊరివాళ్లకే పోతోంది. బేరాల కోసం ఒకరు హాలు కట్టి వాళ్లను కిక్కిరిసేలా నింపారు. ప్రతి విలేజరూ తన మంచం ఎక్కడ, పనిబల్ల ఎక్కడ, అక్కడికి దారేది అని వెతుకుతూనే ఉంటాడు. ఒక్క కమాండుతో అందరినీ తీసేయొచ్చు. కానీ ఒకరు ఓపిగ్గా కట్టుకున్నదాన్ని అడగకుండా ముట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు. మాట్లాడితే ఆయనే సగం మందిని తగ్గించేశాడు. సర్వర్ తేరుకుంది.

సెట్టింగుల్లో నేను అన్నిటికన్నా ముందు ముట్టుకునేది వ్యూ డిస్టెన్స్, అంటే ఆటగాడికి ఎంత దూరం కనబడాలన్నది. దీన్ని చంక్‌లలో కొలుస్తారు; చంక్ అంటే 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు ఉన్న నేల ముక్క. మామూలుగా అది 10 ఉంటుంది. అంటే ఒక్కో ఆటగాడి చుట్టూ 21 వరసలు, వరసకు 21 చంక్‌లు, మొత్తం 441. దాన్నే 6 చేస్తే 169కి దిగుతుంది. 2021లో వచ్చిన 1.18 నుంచి సిమ్యులేషన్ డిస్టెన్స్, అంటే ఎంత దూరం వరకు అన్నీ కదలాలన్నది, వేరుగా ఇచ్చారు, అది పెద్ద వరం. దూరంగా ఉన్న కొండలు కనబడుతూనే ఉంటాయి, అక్కడి కోళ్లను మాత్రం సర్వర్ కదిలించాల్సిన పని లేదు. మా దాంట్లో వ్యూ 8, సిమ్యులేషన్ 5.

ఎలీట్రా అనే రెక్కలు తొడుక్కుని కొత్త దిక్కుకు ఎగిరేవాళ్లతో ఇంకో బరువు. వాళ్లు వెళ్లే కొద్దీ సర్వర్ అప్పటికప్పుడు నేలను పుట్టించాలి. అందుకే ఎవరూ దాటలేని హద్దు, అంటే వరల్డ్ బోర్డర్ పెట్టి, లోపలి భాగమంతా చంకీ ప్లగిన్‌తో ముందే తయారు చేయించి ఉంచాను. డిస్క్ ఎక్కువ తింటుంది, పర్వాలేదు.

ర్యామ్ విషయానికొస్తే, 8 జీబీ మెషిన్‌లో జావాకు మొత్తం 8 ఇవ్వకూడదు. ఆట డేటా ఉండే హీప్ అనే మెమరీ కాకుండా జావా సొంతానికి కొంత వాడుకుంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కూ కావాలి. హీప్ మొదట ఎంత, గరిష్ఠంగా ఎంత అని చెప్పే ఎక్స్ఎంఎస్, ఎక్స్ఎంఎక్స్ రెండూ 6 జీబీ దగ్గర పెడితే చాలు.

భద్రతలో మాత్రం నేను రాజీపడను. ఆడేవాళ్ల ఖాతా నిజమైనదేనా అని చూసే ఆన్‌లైన్ మోడ్ ఆపేస్తే ఎవరైనా అడ్మిన్ పేరే పెట్టుకుని లోపలికి రావొచ్చు. అది ఆన్‌లో ఉండాలి, అనుమతి ఉన్నవాళ్ల జాబితా, అంటే వైట్‌లిస్ట్ కూడా ఉండాలి. బయటికి తెరవాల్సింది ఆట పోర్టు 25565 ఒక్కటే. దూరం నుంచి సర్వర్‌కు కమాండ్లు పంపే ఆర్‌కాన్ వాడే 25575 ఎప్పుడూ ఫైర్‌వాల్ లోపలే, ఎందుకంటే దాని పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళుతుంది.

ఇక బ్యాకప్. నడుస్తున్న సర్వర్ నుంచి వరల్డ్ ఫోల్డర్‌ను ఊరికే కాపీ చేస్తే, చంక్‌లను దాచే రీజియన్ ఫైల్ సగం రాసినదే చేతికి రావొచ్చు. నా స్క్రిప్ట్ ముందు సేవింగ్ ఆపే సేవ్-ఆఫ్, తర్వాత ఉన్నదంతా డిస్కుకు రాయించే సేవ్-ఆల్ ఫ్లష్ పంపి, కాపీ అయ్యాక సేవింగ్ మళ్లీ మొదలుపెట్టే సేవ్-ఆన్ పంపుతుంది. కాపీ మధ్యలో ఆగిపోయినా సేవ్-ఆన్ తప్పకుండా వెళ్లేలా రాయండి, లేకపోతే ఆ తర్వాత కట్టినవి డిస్కుకు చేరవు. అప్పుడప్పుడు ఒక బ్యాకప్ తీసి 25566 మీద ఇంకో సర్వర్‌గా లేపుతాను. లోపలికెళ్లి అందరి ఇళ్లూ తిరిగి, పెట్టెలు తెరిచి చూస్తాను. సామాన్లు ఉంటేనే ఆ బ్యాకప్ మీద నాకు నమ్మకం.