పరిశీలన పత్రంలో లేని నిమిషం

బోధనాభ్యాసం రోజుల్లో నా పని తరగతిలో చివరి బెంచీ మీద కూర్చుని, ఛాత్రోపాధ్యాయులు, అంటే టీచరు శిక్షణలో ఉన్నవాళ్ళు, చెప్పే పాఠం చూస్తూ పరిశీలన పత్రం నింపడం. ఆ రోజు వెలుగు, నీడల పాఠం. పాఠం చెప్పే అమ్మాయి బాగా తయారై వచ్చింది. చార్టు, టార్చిలైటు, బోర్డు మీద రాత, అన్నీ కుదిరాయి. మధ్యలో ఒక పిల్లాడు లేచి "మేడమ్, నీడకి బరువుంటుందా?" అని అడిగాడు. తరగతంతా నవ్వింది. ఆమె ఒక్క క్షణం తడబడి, "అలాంటివి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇది రాసుకోండి" అంది. పిల్లాడు కూర్చున్నాడు.

నా పత్రంలో ఆ నిమిషానికి గడి లేదు. పాఠ్యప్రవేశం, ప్రశ్నలు అడిగే తీరు, నల్లబల్ల వాడకం, సమయపాలన, వీటన్నిటికీ ఉంది. ఆమెకి మంచి మార్కులే వేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. నీడ అంటే వెలుగు చేరని చోటే కదా, దానికి బరువేమిటి అన్న సంగతి ఆ అమ్మాయికి తెలుసు. ఆ ప్రశ్నని ఆ పూట ఏం చేసుకోవాలో మాత్రం ఆమెకి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

సృజనాత్మకత గురించి మనోవిజ్ఞాన శాస్త్రం పేపర్లో ఏళ్ల తరబడి పాఠం చెప్పినదాన్నే. మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గిల్‌ఫర్డ్ 1950లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా చేసిన ప్రసంగం, ఒకే ప్రశ్నకి అనేక జవాబులు వెతికే విభిన్న ఆలోచన, టోరెన్స్ 1966లో తెచ్చిన సృజనాత్మకత పరీక్షలు, వాటిలో చూసే ధారాళత (ఎన్ని జవాబులు), నమ్యత (ఎన్ని రకాలు), మౌలికత (ఎంత అరుదైనవి), విస్తరణ (ఎంత వివరంగా). ఇవన్నీ మా పిల్లలు, అంటే ఈ ఛాత్రోపాధ్యాయులే, పరీక్షలో రాస్తారు, నేను మార్కులు వేస్తాను. వాళ్ళలో ఆ ఆలోచన పెరిగిందా అని ఎప్పుడూ చూడలేదు. ఆ ఏడాది చూద్దామనుకున్నాను. ముందు ఒకసారి కొలవాలి, కొన్ని వారాలు పని చేయించాలి, మళ్ళీ కొలవాలి. కాగితం మీద ఇంత తేలిగ్గా ఉంది.

టోరెన్స్ పరీక్షలకి ప్రచురణ హక్కులున్నాయి, స్కోరింగ్‌కి కూడా శిక్షణ కావాలి. అందుకని గిల్‌ఫర్డ్ తరహా ప్రశ్న తీసుకున్నాను: ఇటుకని ఎన్ని రకాలుగా వాడొచ్చో రాయండి. గంట కొట్టి, కాగితాలు పంచి, పది నిమిషాల సమయం అని చెప్పాను. గదిలో పిన్ను పడితే వినిపించేంత నిశ్శబ్దం. ఒకబ్బాయి చెయ్యెత్తి "మేడమ్, ఎన్ని రాస్తే ఫుల్ మార్కులు?" అన్నాడు. మార్కులు లేవని చెప్పాను గానీ ఎవరూ నమ్మలేదు. చాలామంది గోడ, మెట్టు, పొయ్యి అని ఐదారు రాసి, పక్కవాళ్ళ కాగితం కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

వాలక్, కోగన్ అనే పరిశోధకులు 1965లోనే ఈ సంగతి చెప్పారు. ఇలాంటి పనులు గడియారం లేకుండా, ఆటలా చేయించాలని వాళ్ళ వాదన. అది చదివే ఉన్నాను, అయినా అలవాటు కొద్దీ పరీక్ష పెట్టేశాను. ఒకసారి ఇచ్చిన ప్రశ్నని మళ్ళీ మొదటిసారిలా ఇవ్వలేం. ఆ కాగితాలు అలాగే దాచి, వారం తర్వాత బెంచీలు గుండ్రంగా జరిపి, పాత వార్తాపత్రికని ఏమేం చెయ్యొచ్చో తోచినంతసేపు రాయమన్నాను. ఈసారి నవ్వులు వినిపించాయి. నేను మొదటి కొలతగా తీసుకున్నది ఈ కాగితాల్నే.

దిద్దడం నేననుకున్నదానికంటే చాలా కష్టమైంది. ముగ్గురం కూర్చున్నాం. ధారాళత తేలిక, జవాబులు లెక్కపెట్టడమే. నమ్యత దగ్గర మొదటి రోజే గొడవ. పత్రికని మడిచి విసనకర్రలా ఊపడం, చుట్టి ఈగలు తోలడం ఒకే కోవకి వస్తాయా, రెండా? రెండూ చేత్తో ఊపేవే అని ఒకరు, ఒకటి గాలికి ఇంకోటి ఈగలకి అని ఇంకొకరు. మౌలికత ఇంకా చిక్కు. తరగతిలో ఒక్కరే రాసినది అరుదైనది అన్నది మామూలు లెక్క. కానీ "పత్రికతో ఫోన్ చెయ్యొచ్చు" అని కూడా ఒక్కరే రాశారు. అరుదైనదే, కానీ దాని వల్ల ప్రయోజనం ఏమిటో రాసినవాళ్ళు కూడా చెప్పలేకపోయారు. సృజన అంటే కొత్తదనంతో పాటు పనికొచ్చే గుణం కూడా ఉండాలి కదా. పైగా ఎక్కువ జవాబులు రాసినవాళ్ళకి అరుదైనవి ఎక్కువ తగలడం సహజం. అంటే మౌలికత పేరుతో మళ్ళీ ధారాళతనే కొలుస్తున్నాం.

దీనికి పాల్ సిల్వియా బృందం 2008లో చెప్పిన పద్ధతి పనికొచ్చింది. రాసినవాటిలో అన్నిటికంటే సృజనాత్మకమైన రెండింటిని రాసినవాళ్ళనే ఎంచుకోమంటాం, దిద్దేవాళ్ళు ఆ రెండింటికే స్కోరు ఇస్తారు. ఎక్కువ రాయడం వల్ల వచ్చే లాభం పోతుంది. మా ముగ్గురి మధ్య ఏకాభిప్రాయం ఎంత ఉందో చూడ్డానికి ఇద్దరిద్దరి తీర్పుల్ని జతగా తీసుకుని కోహెన్ కప్పా అనే కొలత లెక్క కట్టాం. యాదృచ్ఛికంగా కలిసిన తీర్పుల్ని అది తీసేసి చూపిస్తుంది. మొదటిసారి చాలా తక్కువ వచ్చింది. దిద్దే నియమాలు రెండుసార్లు తిరగరాసుకుంటే గానీ ముగ్గురం ఒక దారికి రాలేదు. విసుగొచ్చే పనే. అయినా తరగతిలో "ఈ జవాబు బాగుంది" అని నేను ఇన్నాళ్ళూ ఏ ఆధారంతో అంటున్నానో నాకు తెలిసింది అక్కడే.

ఇక పెంచడం. అందరూ చేసేదే, బృందచర్చతో మొదలుపెట్టాను. ఆరుగురేసి కూర్చుని ఆలోచనలు చెప్పుకోవాలి, ఎవరినీ విమర్శించకూడదు. గది సందడిగా ఉంది, నాకు సంతోషం వేసింది. తర్వాత కాగితాలు చూస్తే ప్రతి బృందంలో ఇద్దరి ఆలోచనలే ఉన్నాయి. మిగతావాళ్ళు వాళ్ళ వంతు కోసం చూస్తూ, అనుకున్నది మర్చిపోయారు. డీల్, స్ట్రోబె అనే పరిశోధకులు 1987లో చూపించింది ఇదే: కలిసి చర్చించిన బృందాల కంటే, అంతే మంది ఎవరికి వారు విడిగా రాస్తే ఆలోచనలు ఎక్కువ వస్తాయి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి ఆలోచన ఆగిపోవడం దీనికి ఒక పెద్ద కారణం. ఆ వారం నుంచి క్రమం మార్చాం. ముందు మౌనంగా ఎవరిది వారు రాసుకోవాలి, తర్వాత కాగితాలు మార్చుకుని పక్కవాళ్ళ దానికి ఒకటి చేర్చాలి, అప్పుడే మాటలు.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. అయిపోయింది అనిపించిన చోట గీత గీసి, కింద ఇంకో ఐదు రాయాలి. మొదట తోచేవి అందరికీ తోచేవే. రాసేకొద్దీ జవాబులు నెమ్మదిస్తాయి, అరుదైనవి మాత్రం ఎక్కువవుతాయి. 1950లలోనే గమనించిన విషయం ఇది. మా పిల్లలకి ఇది చెప్పినప్పటి కంటే, వాళ్ళ కాగితాల్లో గీత పైనా కిందా ఉన్నవి వాళ్ళే పోల్చుకున్నప్పుడు బాగా నాటింది.

కానీ నిజంగా పని జరిగింది తప్పు జవాబులతో. బడుల్లో పిల్లలు రాసిన తప్పుల్ని ఛాత్రోపాధ్యాయులే పోగుచేసుకొచ్చారు. ఒక్కో తప్పు వెనక పిల్లలు ఏమని ఆలోచించి ఉంటారో కనీసం మూడు ఊహలు రాయాలి, ఒక్కో ఊహకి ఒక్కో చిన్న కృత్యం తయారుచెయ్యాలి. మొదట్లో అందరూ రాసిన కారణం ఒకటే: "శ్రద్ధగా వినలేదు." ఆ మాట వాడకూడదని నిషేధం పెట్టాను. అప్పుడు మొదలైంది అసలు ఆలోచన. 0.3 కంటే 0.25 పెద్దది అని ఒక పిల్ల రాసింది. 25, 3 కంటే పెద్దది కాబట్టి అనుకుందా? అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనుకుందా? మూడోది మాకెవరికీ తోచలేదు, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఒకమ్మాయి మెల్లగా చెప్పింది: "డబ్బుల్లా చదివిందేమో మేడమ్. పాయింటు తర్వాత ఇరవై ఐదు పైసలు, మూడు పైసలు." గది ఒక్కసారి నిశ్శబ్దమైంది. మొదటి రెండు ఊహలకి స్థానవిలువల పట్టిక వేస్తే సరిపోతుంది. మూడోది నిజమైతే 0.3 పక్కన సున్నా చేర్చి 0.30 అని ఎందుకు రాయొచ్చో ముందు చూపించాలి. తప్పు ఒకటే, మందు వేరు.

ఆ వారం కృత్యాల కాగితాలన్నీ ఫైలులో పెట్టాను. అవి తర్వాత ఎంత అవసరమవుతాయో అప్పుడు అనుకోలేదు.

పన్నెండు వారాల తర్వాత రెండో కొలత. ఈసారి అట్టపెట్టె. ధారాళత బాగా పెరిగింది, నమ్యత కొంత పెరిగింది. సహోద్యోగులు అభినందించారు. నాకు మాత్రం లోపల టెన్షన్. మా పనిలో పాల్గొనని రెండో సెక్షన్‌కి కూడా రెండుసార్లూ ఇవే ప్రశ్నలు ఇచ్చి ఉంచాను. వాళ్ళ స్కోర్లు కూడా పెరిగాయి, మావాళ్ళంత కాదు గానీ పెరిగాయి. అంటే పెరుగుదలలో కొంత భాగం ఇలాంటి ప్రశ్న ఒకసారి చూసి ఉండడం వల్ల వచ్చిందే. ఆ సెక్షన్ లేకపోతే మొత్తం నా బోధన ఫలితమని రాసేసుకునేదాన్ని.

ఇంతకంటే పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది. అట్టపెట్టెకి ముప్ఫై ఉపయోగాలు రాసినవాళ్ళు, నీడకి బరువుంటుందా అని అడిగిన పిల్లాడి ముందు ఏం చేస్తారు?

అప్పుడు సృజనాత్మకత పరిశోధకురాలు థెరిసా అమాబిలే 1982లో వివరించిన పద్ధతికి వెళ్ళాను. ఆ రంగంలో అనుభవం ఉన్నవాళ్ళు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒక పనిని మిగతా పనులతో పోల్చి స్కోరు ఇస్తారు. సృజన అంటే ఏమిటో వాళ్ళకి నిర్వచనం ఇవ్వం, వాళ్ళ అనుభవాన్నే నమ్ముతాం. వాళ్ళ తీర్పులు కలిస్తే దాన్ని కొలతగా తీసుకోవచ్చు. తప్పు జవాబుల మొదటి కాగితాల్ని ఫైలులోంచి తీశాను. చివరి వారం కొత్త తప్పులతో అదే పని మళ్ళీ చేయించాను. చేతిరాత గుర్తుపట్టకుండా అన్నీ టైపు చేయించి, పేర్లూ తేదీలూ తీసేసి, ముందువీ తర్వాతవీ కలిపేసి, బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన నలుగురు టీచర్లకి వేర్వేరు వరసల్లో ఇచ్చాను.

నలుగురి తీర్పులు నేను అనుకున్నదానికంటే బాగా కలిశాయి. తర్వాతి కాగితాలకే ఎక్కువ స్కోర్లు పడ్డాయి. ఆ జాబితా పక్కన అట్టపెట్టె స్కోర్లు పెట్టి చూస్తే రెండూ పెద్దగా కలవలేదు. అట్టపెట్టెకి తొమ్మిదే రాసిన ఆ వెనక బెంచీ అమ్మాయి ఇక్కడ అందరికంటే పైన ఉంది. ఇటుక ప్రశ్నకి పేజీ నింపిన కుర్రాడు మధ్యలో ఉన్నాడు. ఉపయోగాలు రాసే పరీక్ష దండగ అని నేననను, జడత్వం వదిలించడానికి అది పనికొచ్చింది. కానీ ఆ ఒక్క స్కోరు చూసి ఎవరైనా సృజన ఉన్న టీచరు అని తీర్పు చెబితే ఆ అమ్మాయికి అన్యాయం జరిగేది.

అన్యాయం దాదాపు జరిగింది కూడా. నివేదికలో ఒక్కొక్కరికి ఒకే అంకె ఉండాలని, దాన్ని ఇంటర్నల్ మార్కుల్లో కలపాలని పైనుంచి అడిగారు. చాలా వాదించాల్సి వచ్చింది. ఎవరో మార్కులేస్తారని తెలిస్తే మనుషులు భద్రమైన జవాబుకే పోతారు, మొదటి రోజు ఇటుక కాగితాల్లో అది కళ్లారా చూశాను. చివరికి నివేదికలో తరగతి మొత్తం ఫలితాలే ఇచ్చాను. మా పిల్లలకి వాళ్ళ కాగితాలు వాళ్ళకే ఇచ్చి, ఒక్కొక్కరితో పావుగంట కూర్చుని మాట్లాడాను. ఆ మాటల్లో ఒకరు "నాకు మాట వినే పిల్లలే నచ్చుతారు మేడమ్, ఎదురు ప్రశ్న వేస్తే భయం" అన్నారు. వెస్ట్‌బీ, డాసన్ 1995లో రాసింది గుర్తొచ్చింది: సృజనాత్మకత మంచిదనే టీచర్లకి కూడా, నచ్చిన విద్యార్థుల లక్షణాలు సృజన ఉన్న పిల్లల లక్షణాలకి దూరంగా ఉన్నాయట. ఆ భయాన్ని ఇంత నిజాయితీగా బయటపెట్టినందుకు నేను ఆ అబ్బాయిని మెచ్చుకున్నాను. ఏ పరీక్షా దాన్ని బయటికి తీసేది కాదు.

రెండో విడత బోధనాభ్యాసానికి ముందు పరిశీలన పత్రం అడుగున రెండు వరసల ఖాళీ చోటు చేర్చాను. పిల్లలు అడిగిన అనుకోని ప్రశ్న ఏమిటి, తర్వాతి నిమిషంలో ఏం జరిగింది అన్నది అక్కడ రాయాలి. మార్కులుండవు.

నీడల పాఠం చెప్పిన అమ్మాయి ఈసారి లెక్కల తరగతి తీసుకుంది. సరిసంఖ్యలు, బేసిసంఖ్యలు. ఒక పాప "సున్నా ఏ జట్టులోకి వస్తుంది మేడమ్?" అంది. ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసి, సుద్దముక్క ఆ పాప చేతికిచ్చింది. "మనం కనిపెడదాం. ఎలా తేల్చొచ్చో చెప్పండి" అని తరగతిని అడిగింది. ఒకరు జతలు కట్టాలన్నారు, జతలు కట్టడానికి ఏమీ లేదని ఇంకొకరు వాదించారు. ఒకడు సంఖ్యారేఖ గీయమన్నాడు. మూడు బేసి, రెండు సరి, ఒకటి బేసి అని పాప వేలు పెట్టుకుంటూ వెనక్కి వచ్చి సున్నా దగ్గర ఆగింది. గంట కొట్టేసరికి పాఠంలో మూడో వంతు మిగిలిపోయింది.

సమయపాలన గడిలో తక్కువే వెయ్యాల్సి వచ్చింది, వేశాను. అడుగున చేర్చిన రెండు వరసలు చాలక, కాగితం తిప్పి వెనకవైపు కూడా రాశాను.