ప్రసాదం చేతికొచ్చినప్పుడు

తిరుపతిలో ఏ ఆఫీసు తీసుకున్నా వారానికి ఒక్కరైనా కొండకెళ్ళొస్తారు. మర్నాడు 50 రూపాయల లడ్డును కాగితంలో చిదిమి, సీటు సీటుకీ తిరిగి తలా ఇంత పెడతారు. ఎదురుగా ఉన్నది క్రైస్తవుడని తెలిసినా పెడతారు. పంచకుండా తినడం ఇక్కడి మర్యాద కాదు మరి. నెయ్యి కారుతున్న ఆ ముక్క ముందుకొచ్చాక సంఘ కాపరి అయ్యగారికి ఫోన్ చేసి అడిగే వ్యవధి ఉండదు. అందుకే విశ్వాసి ప్రసాదం తినొచ్చా, కూడదా అన్న సంగతి ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోవాలి.

బైబిల్లో అపొస్తలుడు పౌలు గ్రీకు పట్టణం కొరింథులోని సంఘానికి రాసిన ఉత్తరం, మొదటి కొరింథీయుల పత్రిక, 8 నుంచి 10 అధ్యాయాల దాకా నడిచేది చాలావరకు ఈ గొడవే. తినొచ్చనే వాళ్ళు 10:25 చూపిస్తారు, కూడదనే వాళ్ళు 10:21 చూపిస్తారు. మధ్యలో ఉన్నది మూడు వచనాలే. అంతలోకే పౌలు మాట మార్చాడా? మాట మారలేదు, భోజనం చేసే చోటు మారింది. అది గమనించకపోతే ఎవరి వచనం వాళ్ళు పట్టుకుని ఏళ్ళ తరబడి వాదించుకోవచ్చు. మన సంఘాల్లో జరుగుతున్నదీ అదే.

కొరింథు గుళ్ళలో బలిచ్చిన జంతువులో కొంత పీఠం మీద కాలేది, కొంత పూజారులకు పోయేది. ఇంకొంత అక్కడే విందుగా వడ్డించేవారు, మిగిలింది అంగడికి చేరేది. ఆ ఊళ్ళో వైద్య దేవుడు అస్క్లేపియస్ గుడి దగ్గర తవ్వితే మూడు భోజనాల గదులు బయటపడ్డాయి, ఒక్కోదాంట్లో 11 మంది ఒరిగి కూర్చునే బల్లలతో. కాబట్టి 8:10లో గుడిలో పంక్తికి కూర్చోవడం గురించి పౌలు రాసింది ఊహించి రాసింది కాదు. అక్కడ కూర్చోవద్దన్నాడు (10:21). అంగడిలో అమ్మేది ఆరా తీయకుండా కొనుక్కోమన్నాడు (10:25). ఎవరైనా ఇంటికి పిలిచి వడ్డిస్తే అడక్కుండా తినమన్నాడు (10:27). 'ఇది బలి ఇచ్చింది' అని ఒకరు చెబితే మాత్రం, చెప్పిన మనిషి కోసం మానుకోమన్నాడు (10:28).

దీన్ని మన ఊరికి తెచ్చుకుంటే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. పొద్దున్నే పటానికి హారతిచ్చి గల్లా తెరిచే హోటల్లో ఇడ్లీ తినడం అంగడి లెక్క, విచారించనక్కర్లేదు. మిఠాయి కొట్లో కొన్న లడ్డూ అంతే. పూజలో కూర్చుని, తీర్థం పుచ్చుకుని, పంక్తిలో తినడం మొదటి లెక్క, అది కూడదు. చిక్కంతా మిగతా రెండింటి దగ్గరే వస్తుంది. గంగమ్మ జాతర వచ్చిందంటే అది నేరుగా గుమ్మంలోకే వస్తుంది.

జాతర వారంలో వీధుల్లో బైరాగి వేషం, బండ వేషం తిరుగుతుంటాయి. ఇళ్ళల్లో అంబలి, పొంగలి, కోళ్ళు. పక్కింటి అక్క స్టీలు గిన్నెలో కోడికూర తెస్తుంది. కొరింథు వాళ్ళ సమస్య అచ్చంగా ఇదే, లడ్డు కంటే దగ్గరి పోలిక. "కూర చేసినాం, పిల్లోళ్ళకు పెట్టు" అని ఇస్తే 10:27 వర్తిస్తుంది. తీసుకోండి, ప్రార్థన చేసుకుని తినండి, కోడిని ఎక్కడ కోశారని అడగొద్దు. "అమ్మోరికి కోసింది" అని చెప్పి ఇస్తే 10:28. ఇక్కడ మానుకోవాల్సింది కూరలో ఏదో అంటుకుందన్న భయంతో కాదు. ఆ మనస్సాక్షి నీది కాదు, ఎదుటివాడిది అని పౌలే 10:29లో విప్పి చెప్పాడు. ఆమె దృష్టిలో అది అమ్మవారి వాటా. మనం తింటే అందులో మనమూ కలిశామని ఆమె అనుకోవడంలో తప్పు లేదు. తిరుమల లడ్డుకూ నా లెక్క ఇదే. అది ఏమిటో ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది.

ప్రేమతో ఇచ్చారు కదా అని కృతజ్ఞతలు చెప్పి తినే విశ్వాసులు ఉన్నారు. జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ నాటి నుంచి లూథరన్ సంఘాల్లో ఉన్న ఇళ్ళల్లోనూ, చిత్తూరు వైపు అమెరికా వాళ్ళ ఆర్కాటు మిషన్ కుటుంబాల్లోనూ కొందరికి అది వట్టి తీపి, అంతే. వాళ్ళను నేను తప్పుపట్టను, రోమా 14:3 ఆ పని చెయ్యనివ్వదు. కానీ అదే ఇంట్లో నిన్నటిదాకా మెట్లెక్కి తలనీలాలిచ్చి, ఈ మధ్యే బాప్తిస్మం తీసుకున్న కోడలు ఉంటే? ఆమెకు అది వట్టి తీపి కాదు. అలాంటి ఇంట్లో మామగారి అభ్యంతరం లేకపోవడం లెక్కలోకి రాదు, ఆ కోడలి మనసే లెక్క. 8:13 చదివి చూడండి, తన తిండి వల్ల సహోదరుడు తొట్రుపడితే పౌలు మాంసమే మానేస్తానన్నాడు.

వద్దనడానికి ఒక పద్ధతి ఉంది. గిన్నె మూత తీయకముందే, చేతిలోకి తీసుకోకముందే చెప్పాలి. తీసుకున్నాక తిరిగివ్వడం అవమానం. "అక్కా, మమ్మల్ని తలుచుకుని తెచ్చినావు, సంతోషం. దేవుడికి పెట్టింది మేం తినం, ఏమనుకోవద్దు. లోపలికి రా, కాఫీ తాగి పో." ఇంతే. కాఫీ పెట్టడం మరిచిపోవద్దు, మన వద్దు అనే మాట ఆమె మీద కాదని చెప్పేది ఆ కాఫీయే. విగ్రహాలకు అర్పించేది దయ్యాలకేనన్న 10:20లోని మాట విశ్వాసులకు రాసిన ఉత్తరంలోది, పక్కింటావిడకు గుమ్మంలో చదివి వినిపించడానికి కాదు. తినదగిన కూర తీసుకుంటే గిన్నె ఖాళీగా పంపకూడదు, రెండు అరటిపళ్ళో గుప్పెడు చక్కెరో వేసి పంపాలి.

ఆఫీసులో చెడగొట్టుకునే తీరు రెండు రకాలు. ఒకటి అబద్ధం. "షుగరుంది సార్" అని తప్పించుకుని, మూడో రోజు ఎవరిదో పుట్టినరోజుకు కేకు రెండు ముక్కలు తింటే ఆ ఫ్లోరంతా చూస్తుంది. ఆ తర్వాత మన సాక్ష్యం ఎవరు వింటారు? రెండోది ఇంకా పాడు పని. తీసుకుని, కాగితంలో చుట్టి, సాయంత్రం డస్ట్‌బిన్లో వేయడం. మర్నాడు ఊడ్చే అక్క దాన్ని చూస్తుంది, బయటికి తీసి కళ్ళకద్దుకుంటుంది. తినడానికీ మానడానికీ వచనాలున్నాయి గానీ దీన్ని సమర్థించే వచనం ఎక్కడా లేదు. తోచక చేతిలోకి తీసుకున్నారే అనుకోండి, "నేను తినను గానీ మీరు తీసుకోండి" అని పక్క సీటుకు చేతికే ఇచ్చేయండి.

బడి పిల్లల సంగతి వేరు. యూకేజీ పిల్లతో మనస్సాక్షి గురించి మాట్లాడించడం న్యాయం కాదు. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే క్లాస్ టీచరును కలిసి చెప్పుకోవాలి. సరస్వతీ పూజ నాడు గేటు దగ్గర నిలబడి వాదించడం వల్ల నలుగురిలో నలిగేది పిల్లే.

యాత్రికులను కొండకు తీసుకెళ్ళే ట్యాక్సీ డ్రైవర్లు మన సంఘాల్లోనూ ఉంటారు. వాళ్ళను నిలదీసే వాళ్ళు రెండవ రాజులు 5:18, 19 చదవాలి. రిమ్మోను దేవుడి గుడిలో యజమాని తన చేతిమీద ఆనుకుంటే తానూ వంగాల్సి వస్తుందని సిరియా సేనాధిపతి నయమాను చెప్పుకుంటే, ఎలీషా ప్రవక్త అతన్ని నెమ్మదిగా పొమ్మన్నాడు.

ఇక క్రిస్మస్. డిసెంబరు 25 ధనుర్మాసంలో పడుతుంది, అయ్యప్ప మాల వేసుకున్న వాళ్ళ దీక్షా నడుస్తుంటుంది. ప్రసాదం గురించి ఇంత పట్టింపు ఉన్న మనం ఏమీ చెప్పకుండా గుడ్డు వేసిన ప్లమ్ కేకు వాళ్ళింటికి పంపుతాం! ఎదుటివాడి మనస్సాక్షి గురించి నేర్చుకున్నది ఇటువైపూ పని చెయ్యాలి కదా. గుడ్డు లేని కేకు విడిగా చెప్పి చేయించండి, ఇచ్చేటప్పుడు ఆ మాట పైకి చెప్పండి. మన ఇంట్లో కజ్జికాయలు వండితే కోడి వేయించిన నూనె వాడొద్దు. మాలలో ఉన్న స్వామి బయటి ఇళ్ళల్లో వండింది ముట్టకపోవచ్చు, ఆ ఇంటికి తొక్క తీయని పళ్ళు చాలు, అరటిపళ్ళు, కమలాలు ఏవైనా. వద్దంటే నొచ్చుకోకుండా, "సరే స్వామీ, దీక్ష అయినాక వచ్చి తినిపోండి" అని వచ్చేయడమే.