ఊయెజ్ద్ వీధిలో చెక్క షెడ్డు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంటున్న మా అమ్మాయి ప్రాగ్ తీసుకెళ్తానన్నప్పుడు నేను అడిగినవి రెండే. ఎక్కువ మెట్లు ఎక్కించొద్దని, చెక్ ఫోటోగ్రాఫర్ సుదెక్ పనిచేసిన షెడ్డు చూపించమని. మొదటిది కుదరలేదు.

యోసెఫ్ సుదెక్ పేరు నాకు మొదట తెలిసింది తెనాలిలో మా నాన్న ఫోటో స్టూడియోలో, అట్టలు ఊడిపోయిన ఒక పత్రికలో. కిటికీ గట్టు మీద గాజుగ్లాసు, అందులో సగం దాకా నీళ్లు. ఇందులో ఏముందని పేజీ తిప్పేయబోయి కింద రాసింది చదివాను. ఆ ఫోటో తీసినాయనకి కుడిచెయ్యి లేదట. పైగా వాడింది మనిషి రెండు చేతులతో మోయాల్సిన పెద్ద చెక్క కెమెరా. డార్క్ రూమ్‌లో పెరిగినవాణ్ని, నాకు వెంటనే వచ్చిన సందేహం ఒక్కటే: కెమెరాలో బొమ్మ పడే ప్లేటు ఎలా ఎక్కించేవాడు?

రైలు రెండుంపావు గంటల్లో ప్రాగ్ చేర్చింది. సామాను గదిలో పడేసి 22 నంబరు ట్రామ్ ఎక్కి ఊయెజ్ద్‌లో దిగాం. వీధిలోంచి చూస్తే స్టూడియో అన్న ఆనవాలే కనపడదు. 30 నంబరు ఇంటి నడవలోంచి లోపలికెళ్తే పెరడు, ఆ పెరట్లో చెక్క షెడ్డు. మన ఊళ్లో అయితే ఎరువుల బస్తాలు వేసుకోవడానికి కట్టుకుంటారు, అంత సాదాగా ఉంది. 1927లో సుదెక్ ఇక్కడికి వచ్చాడు. అసలు షెడ్డు 1980ల్లో అగ్నిప్రమాదంలో పోతే, దాని నమూనాగానే మళ్లీ కట్టారు. మేం వెళ్లేసరికి ఇంకా తెరవలేదు. వేళలు చూసుకోకుండా బయల్దేరడం నా తప్పే. మా అమ్మాయి విసుక్కుంటుందనుకున్నాను గానీ, కాఫీ తెస్తానని వెళ్లింది. నేను కిటికీ అద్దం దగ్గర నిలబడ్డాను.

ఇదే చోట ఉన్న పాత కిటికీనే ఆయన 1940 నుంచి 1954 దాకా తీశాడు. నగరం జర్మన్ల చేతిలో ఉన్న రోజులు. కెమెరా, స్టాండు మోసుకుని వీధుల్లో తిరిగితే అనుమానిస్తారు. ఇంట్లోంచి కనపడేది ఈ పెరడు, ఒక వంకర చెట్టు, చెమర్చిన అద్దం. యుద్ధం అయిపోయాక కూడా ఆయన ఆ కిటికీని వదల్లేదు. మంచు పడ్డప్పుడు, వాన జారుతున్నప్పుడు, పొద్దుగూకుతున్నప్పుడు అదే అద్దం. ప్రాణం లేని వస్తువు కూడా వెలుతురు పడితే బతుకుతుందని ఆయన నమ్మకం. ఆ మాట పుస్తకంలో చదివితే కవిత్వంలా ఉంటుంది. అక్కడ నిలబడితే నాకు అది పనివాడి మాటలాగే అనిపించింది. ఒక మబ్బు పక్కకి తప్పుకోగానే అద్దం మీది మసక మొత్తం తెల్లబడింది. ఫోటో తీద్దామని ఫోన్ జేబులోంచి లాగేలోపు పోయింది.

సుదెక్ 1896లో కోలీన్‌లో పుట్టాడు. ప్రాగ్‌కి తూర్పున, రైల్లో గంట లోపు దూరం. నేర్చుకున్న పని పుస్తకాల బైండింగ్. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సైన్యంలో ఇటలీ పంపారు. 1916లో గాయపడితే చెయ్యి భుజం దాకా తీసేశారు. ఒక చేత్తో బైండింగ్ ఎలా చేస్తాడు? ప్రాగ్‌లో గాయపడిన సైనికుల ఆశ్రమంలో ఉంటూ, తోటివాళ్లని ఫోటోలు తీస్తూ, 1922లో ప్రభుత్వ గ్రాఫిక్ కళల పాఠశాలలో చేరాడు.

ఆయన జీవితంలో నన్ను ఎక్కువ కుదిపేసింది 1926 నాటి సంగతి. చెక్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంలోని మిత్రులతో కలిసి ఇటలీ వెళ్లాడు. కచేరీ మధ్యలో లేచి, చెయ్యి పోగొట్టుకున్న పొలం వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. చోటు దొరికింది, చెయ్యి మాత్రం లేదని తర్వాత తనే చెప్పుకున్నాడు. ప్రాగ్‌కి తిరిగొచ్చేసరికి రెండు నెలలు. మళ్లీ విదేశం వైపు చూడలేదు.

షెడ్డు తెరిచాక లోపల చూసింది తక్కువే. అక్కడ ఇప్పుడు కొత్తవాళ్ల ఫోటోలు పెడతారు. అయినా గది కొలత తెలిసింది. ఇంత చోటులో కాగితాలు, గుడ్లు, గాజుసామాను, గ్రామఫోన్ రికార్డులు గుట్టలు పోసుకుని బతికాడన్నమాట. మంగళవారాలు మిత్రుల్ని పిలిచి రికార్డులు వినిపించేవాడు. చెక్ స్వరకర్త యానాచెక్ సంగీతమంటే ప్రాణం.

మర్నాడు కొండ మీద సెయింట్ వైటస్ చర్చి. జనంలో నలిగిపోయాం. 1344లో మొదలైన ఆ కట్టడం 1929కి గానీ పూర్తి కాలేదు. చివరి ఏళ్లలో, 1924 నుంచి 1928 దాకా, సుదెక్ లోపల పని జరుగుతుండగా తీశాడు. పలుగులూ తోపుడుబళ్లూ పడి ఉన్న నేల మీదికి పైనుంచి దిగే ఎండ. అందులోంచి 15 ఫోటోలు 1928లో సంపుటిగా వచ్చాయి. ఇప్పుడక్కడ దుమ్ము లేదు కాబట్టి ఆ ఎండ చారలూ కనపడలేదు. నా మటుకు నాకు చర్చి కన్నా ఆ ఫోటోలే గొప్ప.

అక్కణ్నుంచి ఊవోజ్ వీధికి దిగాం. 24 నంబరు ఇంట్లో ఆయన చివరి ఏళ్లు గడిచాయి, 1976లో పోయేదాకా. ఇప్పుడది చిన్న గ్యాలరీ. ఎదురుగా తోటలు, ఆ వెనక పెత్ర్షీన్ గుట్ట. వెడల్పాటి దృశ్యాలు తీసే పాత పనోరమా కెమెరా పట్టుకుని ఇలాంటి చోట్లన్నీ తిరిగి, 1959లో 284 ఫోటోల ప్రాగ్ పుస్తకం వేశాడు.

1940లో ఆయన ఒక పాత ఫోటో చూశాడట, ఫ్రాన్స్‌లోని షార్త్ర్ చర్చి శిల్పానిది. నెగటివ్ ఎంతో ప్రింటూ అంతే. బొమ్మని పెద్దది చేసే ఎన్‌లార్జర్ లేదు, నెగటివ్‌ని కాగితానికి ఆనించి వెలుతురు చూపించడమే. ఇక ఆ రోజు నుంచి కాంటాక్ట్ ప్రింట్లే చేశాడు. పెద్ద ప్రింటు కావాలంటే పెద్ద నెగటివ్ కావాలి, అంటే పెద్ద కెమెరా మోయాలి. దీన్ని పట్టుదల, ఆత్మవిశ్వాసం అని రాస్తారు గానీ, నాకది ఒక పనివాడి రుచి అనిపిస్తుంది. కాంటాక్ట్ ప్రింటులో నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిద రంగు ఎన్ని మెట్లు దిగుతుందో చేసినవాడికి తెలుస్తుంది. మా స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు అలాగే కొట్టేవాళ్లం, చెక్క ఫ్రేములో బిగించి. అంత చిన్న ఫోటోలో కూడా కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

ఆ రాత్రి హోటల్లో, కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని నా కెమెరా లెన్స్ మార్చడానికి ప్రయత్నించాను. కెమెరా మోకాళ్ల మధ్య ఇరికించి, మూత పళ్లతో పట్టుకున్నాను. మూడుసార్లు జారింది. సుదెక్ కూడా పళ్లు వాడేవాడని చదివాను. కాకపోతే ఆయన చీకట్లో చేసేవాడు.

"నాన్నా, పళ్లు జాగ్రత్త, ఇక్కడ డెంటిస్టుకి చాలా అవుతుంది" అంది మా అమ్మాయి.

తిరుగు రైల్లో తమ్ముడికి ఫోన్ చేసి, నాన్న ప్రింటింగ్ ఫ్రేము ఎక్కడుందని అడిగాను. అటక మీద ఉందట. అద్దం పగిలిందట. అద్దం వేయించుకోవచ్చు, చెక్క ఎలా ఉందో చూడమన్నాను. లైన్లో ఉండమని నిచ్చెన తేవడానికి వెళ్లాడు.