చెయ్యి ఉంది కదా!

వికలాంగుల జాతీయ పోటీల్లో లాంగ్‌జంప్ దూకి నిన్న తెల్లవారుజామున రైలు దిగాను. స్పైకుల సంచి ఇంకా విప్పలేదు. కోపం చల్లారకముందే రాయాలని కూర్చున్నా. ఫోన్ చేసినవాళ్ళంతా ఎంత దూకావనే అడుగుతున్నారు. దూకడం తేలికే. దూకనివ్వడానికి ముందు పెట్టిన పరీక్ష ఉంది చూశారూ, చెప్పాల్సింది దాని గురించే.

నేను పుట్టేటప్పుడు భుజం ఇరుక్కుంటే లాగారట. మెడ పక్క నరాలు దెబ్బతిని కుడి చెయ్యి అలా ఉండిపోయింది. ఎర్బ్స్ పాల్సీ అంటారు. అయిదు వేళ్ళూ ఉన్నాయి, పట్టూ కొంత ఉంది. కాకపోతే చెయ్యి సన్నం, కాస్త పొట్టి, భుజం పైకి లేవదు. ఫుల్ చేతుల చొక్కా వేస్తే ఎవరికీ తెలీదు. అమ్మ చిన్నప్పటినుంచీ నేర్పిందే అది, తెలీకుండా ఉండటం. పెళ్ళి బంతిలో ఎడం చేత్తో తింటే నలుగురూ చూస్తారని, వంగి నోటినే చేతి దగ్గరికి తెచ్చుకోవడం అలవాటు చేసింది.

వైకల్యం ఎంత శాతమో రాసే సదరం సర్టిఫికెట్ రెండోసారికి వచ్చింది. మొదట 35 శాతం వేశారు. 40 లేనిదే రిజర్వేషన్ లేదు, ఏమీ లేదు. మళ్ళీ వెళ్తే 45. ఈ మధ్యలో ఆ పది శాతం నా చేతిలోకి ఎక్కడినుంచి వచ్చి చేరిందో బోర్డువాళ్ళకే తెలియాలి. రాష్ట్ర పోటీల్లో ఆ కాగితం చూసి పిట్‌లోకి వదిలేశారు, వరసగా రెండేళ్ళు బంగారం నాదే. మాది చీరాల పక్క. వాడరేవు ఇసకలో పరుగెత్తి పెరిగిన కాళ్ళండీ, గొప్పలు కాదు.

అసలు కథ జాతీయ పోటీల్లో. అక్కడ మన శాతాలు చెల్లవు. వాళ్ళ లెక్క వేరు. చూపు లేనివాళ్ళు టీ11 నుంచి 13. మోకాలి కింద కాలు పోయి కృత్రిమ కాలితో దూకేవాళ్ళు టీ64. చేతి లోపం ఉన్నవాళ్ళం 45, 46, 47. పెద్ద పోటీల్లో మమ్మల్నందరినీ కలిపి టీ47 పేరుతోనే దూకిస్తారు. ఏ గూట్లో పెట్టాలో తేల్చేది క్లాసిఫికేషన్ ప్యానెల్. అసలు లోపం వాళ్ళ గీత దాటకపోతే ఎన్.ఈ. (నాట్ ఎలిజిబుల్, అంటే అర్హత లేదు) అని రాసి ఇంటికి పంపేస్తారు.

రైల్లో ఒక సీనియర్ చెవిలో ఊదాడు. "తమ్ముడూ, నీ చెయ్యి చూడ్డానికి బానే ఉంది. కొంచెం తగ్గించి చూపించు, లేదంటే పోతావ్." ఆయనకి రెండు జాతీయ పతకాలున్నాయి. నమ్మాను. ఇందులో నా తప్పూ ఉంది, దాచను.

గ్యాలరీ కింద గది. ఒక బల్ల, కిర్రుమనే ఫ్యాను, ఒక డాక్టరు, ఒక టెక్నికల్ ఆయన. చొక్కా విప్పమన్నారు. తలుపు ఎవరూ వెయ్యలేదు. బయట లైన్లో ఉన్న పిల్లలు తొంగి చూస్తున్నారు. పాతికేళ్ళు గుడ్డ కింద దాచుకున్న చెయ్యి ట్యూబులైటు కింద వేలాడుతోంది. డాక్టరు కొలబద్ద పెట్టి ఎంత వంగుతుందో చూశాడు. ఎత్తమన్నాడు. సీనియర్ మాట గుర్తొచ్చి సగంలోనే వదిలేశా. మళ్ళీ ఎత్తమన్నాడు. కంగారులో ఈసారి ఎప్పటి అలవాటు బయటికొచ్చింది. రెక్క ఎముక ఎగరేసి, నడుం పక్కకి వంచి, చెయ్యి చెవిదాకా తెచ్చేశాను. పెళ్ళిళ్ళలో అక్షింతలు వెయ్యడానికి నేను చేసే పనే అది.

డాక్టరు కలం కింద పెట్టాడు. "పొద్దున గేటు దగ్గర సంచి మోశావు. ఇదే చెయ్యి. చూశాం." సంచి మోచేతికి తగిలించుకున్నానని చెప్పబోయా. నాది సినిమా హిందీ. మాట కుదరలేదు. టెక్నికల్ ఆయన నవ్వుతూ, "హాథ్ తో హై," అన్నాడు. చెయ్యి ఉంది కదా అని. ఊళ్ళో అందరూ అనేదే, కాకపోతే అక్కడ ఆ మాటకి అర్థం దొంగ అని. బయటికొచ్చి చూస్తే ఎన్.ఈ.

ఇన్నేళ్ళు చెయ్యి బాగున్నట్టు నటిస్తే ఎవరూ పట్టుకోలేదు. ఒక్క నిమిషం బాగోలేనట్టు నటిస్తే వెంటనే దొరికిపోయాను. కావాలని తగ్గించి చూపించారని తేలితే ఏళ్ళ తరబడి నిషేధం వేసే రూలుంది. ఆ సంగతి సీనియర్‌కి తెలీదా? తెలుసు. రాత్రంతా ఆయన గురక వింటూ పడుకున్నా.

నిద్రపట్టక ఫోన్‌లో మార్కస్ రేమ్ దూకుళ్ళు చూశాను. జర్మనీ ఆయన. కుడి కాలు మోకాలి కింద లేదు, కార్బన్ బ్లేడు మీదే టేకాఫ్. 2014లో ఉల్మ్‌లో కాళ్ళున్నవాళ్ళందరినీ దాటి 8.24 మీటర్లతో జర్మనీ ఛాంపియన్ అయితే, యూరప్ పోటీలకి మాత్రం తీసుకెళ్ళలేదు. రియో ఒలింపిక్స్‌కి వస్తానంటే, ఆ బ్లేడు నీకు లాభం చెయ్యట్లేదని నువ్వే రుజువు చెయ్యమన్నారు. 2023లో 8.72 దూకాడు. ఆయన్ది సాయం చేసే కాలేమోనని అనుమానం, నాది పనిచేసే చెయ్యేమోనని. పోలిక ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ ఆ రాత్రి నాకు తోడు ఆయనే.

ఎన్.ఈ. ఇస్తే రెండో ప్యానెల్ చూడాలని రూలు. మరుసటి ఉదయం వేరే గది. పెద్దావిడ డాక్టరు. ముందు తలుపు వేసింది. ఈసారి దేన్నీ తగ్గించలేదు. ఎత్తగలిగినంతా ఎత్తాను. ఆవిడ వెనక్కొచ్చి, నా రెక్క ఎముక మీద అరచెయ్యి గట్టిగా అదిమిపెట్టి, "ఇప్పుడు ఎత్తు," అంది. లేవలేదు. ఇంకోసారి. కదల్లేదు. అంతే. నరాల పరీక్ష రిపోర్టు తీసి నిన్న చూపించావా అని అడిగింది. ఫైల్లోనే ఉందన్నాను. నిన్న ఫైలు ఎవరూ తెరవలేదు. తర్వాత పరుగెత్తించి, దూకించి చూశారు. టీ46.

మీలో ఎవరైనా ఈ పరీక్షకి వెళ్ళేటప్పుడు ఆ నరాల రిపోర్టు ఫైల్లో పెట్టకండి, చేత్తో పట్టుకెళ్ళి బల్లమీద పెట్టండి. హిందీ వచ్చినవాడిని వెంట తీసుకెళ్ళండి. సీనియర్ల పక్క బెర్తు తీసుకోకండి.

దూకుడు సంగతి: ఆరింట్లో రెండు ఫౌల్. నాలుగోదే మంచిది, కానీ దిగేటప్పుడు కుడి చెయ్యి నాతోపాటు ముందుకి రాలేదు, వెనక ఇసకలో గీత గీసింది. టేకాఫ్ బోర్డుకి దగ్గరగా ఎక్కడ గుర్తు పడితే అక్కడినుంచే కొలుస్తారు. 6.31. కంచు. ఆ గీత లేకపోతే వెండి. చెయ్యి పనిచెయ్యదని ప్యానెల్‌కి ఆ గీత చూపిస్తే సరిపోయేది. అమెరికా రోడరిక్ టౌన్‌సెండ్‌కీ పుట్టుకతోనే కుడి భుజం నరాల దెబ్బ. 2016 రియోలో లాంగ్‌జంప్, హైజంప్ రెండిట్లోనూ బంగారం కొట్టాడు. దిగేటప్పుడు ఆ చేతిని ఎలా లాక్కొస్తాడో ఇప్పుడు ఆపి ఆపి చూస్తున్నా.

కాగితం మీద నా క్లాసు పక్కన 'ఆర్' అని ఉంది. రివ్యూ. మళ్ళీ చొక్కా విప్పాలి. అమ్మ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, మెడల్ దేవుడి గూట్లో పెట్టి, కాగితం మాత్రం బీరువాలో చీరల కింద పెట్టింది. "సంబంధాలవాళ్ళు వచ్చినప్పుడు ఇది బయటికి తియ్యకు నాన్నా."